కట్టకు గండి, చక్రానికి బీట

మార్కాపురం నుంచి కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్ ఎక్కి నంద్యాలలో దిగే దారిలో చూడదగ్గవి తక్కువేమీ లేవు. పలకరాయి గుట్టలు, చెన్నకేశవుడి గాలిగోపురం, కంభం చెరువు, దిగువమెట్ట దాటగానే రెండు వైపులా కమ్ముకొచ్చే అడవి. వాటిని చూసి రాసినవాళ్ళు ఉన్నారు, ఇంకా రాస్తారు. ఈ వ్యాసం మాత్రం బస్సు వెనక చక్రాన్ని పట్టుకుని పోతుంది. బస్టాండులో బండి ఆగి ఉన్నప్పుడు ఆ చక్రాన్ని ఒక నిమిషం చూస్తే చాలు: గిన్నెలా లోపలికి వంచిన ఉక్కు డిస్కు, మధ్యలో హబ్బుకు బిగించిన నట్ల వరుస, వాటి చుట్టూ గాలి ఆడేందుకు కొట్టిన రంధ్రాలు, అంచున రిమ్ముతో కలిపిన వెల్డింగు. ప్రయాణికుల బరువు, డ్రైవరు తొందర, రోడ్డు గుంత, ఘాట్ మలుపు, అన్నీ చివరికి ఆ రంధ్రాల మధ్య మిగిలిన కాస్త ఉక్కు మీదికే వచ్చి పడతాయి. ఉక్కు ఎంత గట్టిది, ఎన్నాళ్ళు మన్నుతుంది అన్నవి ఒకే ప్రశ్న అనుకోవడం మనకు అలవాటు. కొత్త కార్ల ప్రకటనల్లో 'హై స్ట్రెంగ్త్ స్టీల్' అన్న మాట, పక్కన మెగాపాస్కళ్ళలో ఒక పెద్ద అంకె కనబడితే ఇక నిశ్చింత. ఈ దారి లెక్కలు వేసుకుంటూ పోతే ఆ అంకెకు అంత మర్యాద అక్కర్లేదనిపిస్తుంది. రోజూ తిరిగే బండి ఆయుష్షును తేల్చేవి రేకులో కొట్టిన రంధ్రం, కోసిన అంచు, వేసిన అతుకు. రేకు గట్టిదనం వాటి తర్వాతి మాట.

మార్కాపురం పేరు చెబితే పెద్దవాళ్ళకు బడిపలక గుర్తొస్తుంది. ఆ రాయిని చీల్చేవాళ్ళు దాని మందంలో ఉలి ఎక్కడ పెట్టాలో చూసి పెడతారు. సరైన పొర మీద చిన్న దెబ్బ పడితే పలకలు పలకలుగా విడిపోతుంది, అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. భూమి లోపలి ఒత్తిడికి అభ్రకం వంటి ఖనిజ రేణువులు ఒకే వైపుకు పడుకోవడం దీనికి కారణం. కాబట్టి రాయి బలమెంత అని ఎవరైనా అడిగితే, ఏ వైపు నుంచి అని తిరిగి అడగాలి. ఉక్కు రేకుకూ ఆ ప్రశ్న తప్పదు. మిల్లులో రోలర్ల మధ్య నలిగి సాగిన ఉక్కులో మాంగనీసు, గంధకం కలిసిన మలినాలు కూడా పీచుల్లా సాగి ఉంటాయి. పీచు పొడవునా మడత పెడితే రేకు తొందరగా చిట్లుతుంది, పీచుకు అడ్డంగా మడిస్తే ఓర్చుకుంటుంది. అందుకే మంచి రేకు తయారీలో గంధకాన్ని బాగా తగ్గిస్తారు, మిగిలిన మలినం పీచుగా సాగకుండా గుండ్రటి గింజగా నిలిచేటట్టు కాల్షియం కలుపుతారు. పలకకూ రేకుకూ పోలిక అంతవరకే. పలక సంగతి ఒక్క దెబ్బకు తేలిపోతుంది. ఉక్కు మొదటి దెబ్బను మింగుతుంది, వెయ్యో దెబ్బను మింగుతుంది, లక్షో దెబ్బకు కూడా ఏమీ బయటపడనివ్వదు. దాని మీద మనకున్న నమ్మకమంతా ఆ మౌనాన్ని చూసే.

మార్కాపురం రోడ్ స్టేషను దాటాక తర్లుపాడు, కంభం, గిద్దలూరు ఊళ్ళను కలుపుతూ గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం సాగుతుంది. 19వ శతాబ్దం చివర మీటర్ గేజిగా వేసిన దారి ఇది. ఉక్కు మౌనం వెనక ఏం జరుగుతుందో లోకానికి మొదట నేర్పింది రైలుబండే. 1842 మే 8న పారిస్ దగ్గర మ్యూడాన్ వద్ద ఇంజను ఇరుసు విరిగి, బండి పట్టాలు తప్పి, మంటలు లేచి యాభైమందికి పైగా చనిపోయారు. రోజూ మోసే బరువుకే ఇరుసు ఎందుకు విరగాలి? నడక అదురుకు ఇనుము లోపల్లోపలే స్ఫటికంగా మారి పెళుసెక్కుతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. స్కాట్లాండుకు చెందిన విలియం రాంకిన్ విరిగిన ఇరుసులను చూసి వేరే సంగతి పట్టుకున్నాడు. ఇరుసు మందం ఒక్కసారిగా మారే మూల దగ్గర పగులు మొదలై, మెల్లగా లోపలికి పాకుతోంది. ఆ మూలను గుండ్రంగా చెయ్యండి అన్నాడు. ఇనుము మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి ఆకారం అన్న మాట అలా వచ్చింది. 1854లో బ్రెయిత్‌వెయిట్ అనే ఇంజనీరు ఈ జబ్బుకు 'అలసట' అన్న పేరును తన వ్యాసం శీర్షికలోనే పెట్టాడు. ఆ పేరే స్థిరపడింది కానీ, అందులో చిన్న మోసం ఉంది. అలిసిన మనిషి ఒక రాత్రి పడుకుంటే తేరుకుంటాడు. వారం రోజులు షెడ్డులో ఉన్న బస్సు చక్రంలో పడిన పగులు వారం కిందట ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంటుంది, తుప్పు పట్టి ఉంటే ఇంకాస్త ఎక్కువే.

తర్వాత ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ దీన్ని లెక్కలోకి తెచ్చాడు. నడుస్తున్న బండి ఇరుసు ఎంత వంగుతోందో జింకు రేకు మీద గీత గీయించి కొలిచాడు, ఆపైన అంతే వంపుతో ఇరుసు ముక్కలను యంత్రం మీద లక్షలసార్లు తిప్పించాడు. 1870 నాటికి అతడు తేల్చిన సంగతి ఇప్పటికీ చెక్కుచెదరలేదు: విరుపును నిర్ణయించేది ఒక్కసారి పడే పెద్ద బరువు కన్నా, లాగుడుకూ నొక్కుడుకూ మధ్య ఊగిసలాట ఎంత, అది ఎన్నిసార్లు అన్నదే. ఆ లెక్కను గిద్దలూరు బస్సుకు వేసి చూడవచ్చు. పెద్ద బస్సు టైరు చుట్టుకొలత సుమారు 3.3 మీటర్లు, కిలోమీటరుకు 300 చుట్లు. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బండి అయితే 90,000 చుట్లు. పదకొండు పన్నెండు రోజుల్లో పది లక్షలు దాటుతుంది, ఏడాదిలో కోట్లకు చేరుతుంది. తిన్నని రోడ్డు మీద ఒక్కో చుట్టులో డిస్కులోని ప్రతి బిందువూ ఒకసారి బరువు కిందికి వచ్చి పోతుంది. ఘాట్ మలుపులో దానికి పక్కవాటు తోపు తోడవుతుంది: డిస్కు ఒక అంచున లోపలికి, ఎదుటి అంచున బయటికి వంగుతుంది, సగం చుట్టు తిరిగేసరికి తారుమారవుతుంది. వోలర్ యంత్రం మీద జరిగిన పని ఇదే. దిగువమెట్ట పైన ప్రతి మలుపులోనూ ఆ పరీక్ష మళ్ళీ జరుగుతోంది, లోపల కూర్చున్నవాళ్ళకు తెలియకుండా.

లోపల ఏం జరుగుతుందో 1903లో యూయింగ్, హంఫ్రీ అనే ఇద్దరు సూక్ష్మదర్శిని కింద చూశారు. నునుపు చేసిన ఇనుప ముక్కను పదేపదే వంచితే దాని రేణువుల్లో కొన్నిటి మీద సన్నటి గీతలు లేచాయి. వంపులు పెరిగేకొద్దీ గీతలు చిక్కబడి, కాసిని చోట్ల పగుళ్ళయ్యాయి. ఉక్కు పైకి సాగిందని కొలబద్దకు తెలియని దశలోనే, లోపల కొన్ని రేణువుల్లో పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి ముందుకీ వెనక్కీ జారుతుంటాయి. పేకముక్కల కట్టను అటూ ఇటూ జరిపి మళ్ళీ సరిచేసినట్టు. ఎంత సరిచేసినా అంచు మొదటిలా రాదు; ఒక ముక్క కాస్త ముందుకు, ఒకటి కాస్త లోపలికి ఉండిపోతుంది. ఆ లోపలికి పోయిన గాడే పగులుకు పుట్టిల్లు. దీన్ని అడ్డుకోవాలంటే జారుడును అడ్డుకోవాలి. వాహనాల కోసం తయారయ్యే గట్టి ఉక్కు రకాలన్నీ ఒక విధంగా ఈ అడ్డుగోడల కథలే. ఒక రకంలో నియోబియం, టైటానియం వంటివి చిటికెడు కలిపి రేణువులను బాగా చిన్నవి చేస్తారు. మరొక రకం పేరు డ్యూయల్ ఫేజ్. మెత్తటి ఫెర్రైటు ముద్దలో గట్టి మార్టెన్సైటు గింజలు చెదిరి ఉంటాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలోనే ఉండేది కాబట్టి సంగటి సంగతి ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు. సరిగ్గా ఉడకని నూకలు పడ్డ సంగటి ముద్దను ఊహించుకుంటే డ్యూయల్ ఫేజ్ ఉక్కు దాదాపు అదే. ముద్ద వల్ల సాగుతుంది, నూకల వల్ల ఎదురు నిలుస్తుంది.

ఆ సంగటి ఎక్కడ వండుతారో చూడాలంటే గిద్దలూరు స్టేషనులో హుబ్బళ్ళి వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి దాటాక తోరణగల్లు వస్తుంది. అక్కడి జిందాల్ విజయనగర ఉక్కు కర్మాగారంలో జపాన్ జె.ఎఫ్.ఇ. స్టీల్ సాంకేతిక సహకారంతో కార్ల రేకు తయారవుతోంది. (విశాఖ ఉక్కు మన గర్వమే కానీ అది చేసేవి కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్ రకాలు, కారు రేకు దాని పద్దులో లేదు.) చల్లగా రోల్ చేసిన రేకును సుమారు 750 నుంచి 850 డిగ్రీల మధ్య వేడి చేస్తే అందులో కొంత ఫెర్రైటుగా, కొంత ఆ వేడిలో ఏర్పడే ఆస్టెనైటు అనే రూపంలో ఉంటుంది, అక్కడి నుంచి గబుక్కున చల్లారిస్తే ఆస్టెనైటు భాగం మార్టెన్సైటుగా గట్టిపడుతుంది. ఇక్కడ గట్టి ఉక్కు పక్షాన చెప్పవలసినది దాచకుండా చెప్పాలి. అద్దంలా నునుపు చేసిన ముక్కను యంత్రంలో పెట్టి ఊపితే, అది ఎంతకాలమైనా ఓర్చుకోగలిగిన హెచ్చుతగ్గు దాని గరిష్ఠ బలంలో దాదాపు సగం. 400 మెగాపాస్కళ్ళ రేకుకు 200, 800 మెగాపాస్కళ్ళ రేకుకు సుమారు 400. అంటే బలం రెట్టింపైతే ఓర్పూ రెట్టింపు. పైగా గట్టి గింజలు ఎదురైనప్పుడు పగులు తిన్నగా పోలేక వంకరలు తిరుగుతుంది. ఆ వంకర గోడలు ఒకదానికొకటి తగులుకుని, పగులు పూర్తిగా తెరుచుకోకుండా పట్టి ఉంచుతాయి. మార్టెన్సైటు చెదిరిన గింజలుగా కాక ఫెర్రైటు చుట్టూ వలలా అల్లుకుంటే పగులు కదలడానికే ఎక్కువ తోపు కావాలని 1979లో సుజుకి, మెక్‌ఎవిలీ అనే పరిశోధకులు చూపించారు. ఇవన్నీ నిజాలే. ప్రకటనల్లోని అంకె గాలిలోంచి పుట్టలేదు.

అయితే అద్దంలా నునుపు చేసిన ముక్క ఏ బండికీ ఉండదు. గిద్దలూరు రాకముందే కంభం చెరువు దగ్గర దిగి కట్ట మీద నిలబడితే సంగతి తేలికగా అర్థమవుతుంది. గుండ్లకమ్మ ఏటికి అడ్డంగా, రెండు కొండల నడుమ సందును మూసిన విజయనగర కాలపు కట్ట ఇది, 2020లో ఐ.సి.ఐ.డి. అనే అంతర్జాతీయ సంస్థ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. ఇంత కట్టను చూసినవాడు దాని ఎత్తు చూసి, వెడల్పు చూసి మెచ్చుకుంటాడు. కట్టను కాచే నీరటికాడు చూసేది మట్టి ఎంత గట్టిదని కాదు, తూము పక్కన తడి ఎక్కడ ఊరుతోంది, ఎండ్రకాయ ఎక్కడ బొరియ పెట్టింది అని. గండి పడేది అక్కడ. ఒకే లోతులో నీటి తోపు కట్టంతటా ఒకటే అయినా, బొరియ ఉన్నచోట దారి దొరికి అక్కడే కోత పెరుగుతుంది. ఉక్కు రేకులో రంధ్రం చేసే పని అలాంటిదే. గుండ్రటి రంధ్రం ఉన్న పలుచటి రేకును లాగితే, రంధ్రం పక్క అంచులో ఒత్తిడి మిగతా రేకులో ఉన్నదానికి మూడు రెట్లవుతుంది. రేకు మధ్యలో వంద ఉంటే అక్కడ మూడు వందలు. ఇది ఉక్కు రకంతో పనిలేని లెక్క. రంధ్రం ఆకారమే దాన్ని నిర్ణయిస్తుంది.

ఆ రంధ్రం కూడా గణిత పుస్తకంలోని వృత్తం లాంటిది కాదు. ప్రెస్సు కింద పంచ్ దిగి రేకును తెగ్గొట్టిన రంధ్రం. దాని గోడను భూతద్దంతో చూస్తే నాలుగు పట్టీలు కనబడతాయి. పై అంచు కాస్త లోపలికి ఒరిగి గుండ్రంగా ఉంటుంది. దాని కింద పంచ్ ఒరుసుకున్న మెరుపు పట్టీ. ఆ కింద లోహం తెగలేక చిరిగిన గరుకు పట్టీ. చివర వేలికి గుచ్చుకునే సన్నటి నూగు, పనివాళ్ళు బర్ అంటారు. బీట మొదలయ్యే అవకాశం ఎక్కువగా ఆ గరుకు పట్టీలోనో, బర్ మొదట్లోనో ఉంటుంది. అక్కడ కంటికి ఆనని చిరుగులు ముందే ఉన్నాయి కాబట్టి పగులు పుట్టడానికి లక్షల ఊపులు అక్కర్లేదు. ఉన్నది పెరిగితే చాలు. గట్టి ఉక్కుకు ఇక్కడే ఎదురుదెబ్బ. మెత్తటి ఉక్కు గాటు దగ్గర కాస్త సాగి, ఒత్తిడిని పక్కవాళ్ళకు పంచుతుంది. గట్టి ఉక్కు అంతగా సాగదు, గాటుకు ఎక్కువ చలిస్తుంది. డ్యూయల్ ఫేజ్‌లో మరో చిక్కు: పంచ్ దిగేటప్పుడు మెత్తటి ముద్దా గట్టి నూకా ఒకే తీరున సాగవు, రెండిటి సరిహద్దులో చిన్న ఖాళీలు తెరుచుకుంటాయి. రేకు నడుమ వరంగా ఉన్న గుణం అంచు దగ్గర శాపమవుతుంది. చక్రాలకూ, ఛాసిస్ భాగాలకూ ఫెర్రైటు–బెయినైటు రకం ఉక్కును కోరుకునేది అందుకే. అందులో ముద్దకూ గింజకూ గట్టిదనంలో తేడా తక్కువ, కోసిన అంచు శుభ్రంగా ఉంటుంది. చెప్పుకోవడానికి అంకె చిన్నది కావచ్చు, అంచు దగ్గర మేలు.

అతుకు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆర్క్ వెల్డింగు చేసిన కీలులో, వెల్డు వరస రేకును తాకే మొదలు దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది. అక్కడే కరిగి గడ్డకట్టిన లోహంలో చిన్న గాట్లుంటాయి. చల్లారేటప్పుడు ముడుచుకోవడం వల్ల లాగుడు అక్కడే మిగిలి ఉంటుంది. ఇన్ని ఒకచోట చేరాక పగులు పుట్టే దశ దాదాపు ఉండదు, పెరిగే దశే మొత్తం ఆయుష్షు. పగులు పెరిగే వేగంలోనేమో మెత్తటి ఉక్కుకూ గట్టి ఉక్కుకూ పెద్దగా తేడా ఉండదు. ఫలితంగా, వెల్డింగుకు అలసట లెక్క కట్టే అంతర్జాతీయ నియమావళుల్లో కీలు ఆకారాన్ని బట్టి తరగతులు ఉంటాయి కానీ ఉక్కు బలాన్ని బట్టి ఉండవు. కారు బాడీలో వేలకొద్దీ పడే స్పాట్ వెల్డులదీ ఇంచుమించు ఇదే కథ. ఇప్పుడు ఒక చిన్న లెక్క. రేకు బలం 440 నుంచి 780 మెగాపాస్కళ్ళకు పెరిగింది కదా అని మందాన్ని 2 మిల్లీమీటర్ల నుంచి 1.6కి తగ్గించారనుకుందాం. బరువు అయిదో వంతు తగ్గింది, మైలేజీ పెరిగింది, బాగానే ఉంది. కానీ అదే లాగుడుకు ఒత్తిడి 1.25 రెట్లయింది, అదే వంచే బరువుకు 1.56 రెట్లు. వెల్డింగు ఆయుష్షు ఒత్తిడి ఘనానికి విలోమంగా తగ్గుతుంది. లాగుడులో ఆయుష్షు సగానికి, వంపులో దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 780 అన్న అంకె ఎక్కడా అడ్డురాలేదు. పైగా ఉక్కు ఏ రకమైనా వంగడానికి ఇచ్చే ఎదురు ఒక్కటే, 200 గిగాపాస్కళ్ళ పైచిలుకు. మందం అయిదో వంతు తగ్గిన రేకు బిగువు సగానికి సగం పోతుంది.

ఈ మాట వినగానే పాతకాలం బండ్ల అభిమానులు చేతులు చరుస్తారు. అప్పటి బండ్లు ఇనుప ముద్దలు, ఇప్పటివి రేకు డబ్బాలు అన్న మాట గిద్దలూరు టీ కొట్టు దగ్గరైనా, హైదరాబాదు షోరూము ముందైనా వినబడుతుంది. ఆ మాటలో సగం సరుకుంది. మందం ఒక రక్షణ, ఆకారంలో దొర్లిన తప్పులను అది చాలావరకు మన్నించేది. మిగతా సగం మతిమరుపు. పాత బండ్లలో కమాన్ కట్టలు విరిగేవి, ఛాసిస్ బీటలు తీసేది, ఇరుసులు తెగేవి. రోడ్డు పక్క లేత్ షాపులూ వెల్డింగు షాపులూ బతికింది వాటితోనే. మందపు ఉక్కుకు మాత్రం అలసట లేదా? ఉంది, దానికి చెల్లించిన వెల డీజిల్. ఈ దారికి కావలసింది మళ్ళీ మందపు రేకు అని నేను అనడం లేదు. గట్టి రేకును పలుచగా వాడదలచుకుంటే, పోయిన బిగువును ఆకారంతో తేవాలి: పెట్టెలా మడిచిన భాగాల లోతు పెంచాలి, రంధ్రాన్ని ఒత్తిడి తక్కువున్న చోటికి జరపాలి, వెల్డింగును మలుపు మీంచి తప్పించాలి. ఆ కష్టం పడకుండా అంకె ఒక్కటి పెంచి మందం కోసేస్తే అది పొదుపు అనిపించుకోదు.

ఇంకా గట్టి ఆక్షేపణ ఒకటుంది. ప్రమాదం జరిగినప్పుడు మనిషిని కాపాడేది గట్టి ఉక్కే కదా? అవును, ఇందులో వాదన లేదు. ముందు తలుపుకూ వెనక తలుపుకూ నడుమ నిలిచే స్తంభాన్ని ఇప్పుడు బోరాను కలిపిన ఉక్కుతో చేస్తున్నారు. 900 డిగ్రీలకు పైగా కాల్చి, చల్లటి అచ్చులోనే వంచి, అక్కడే చల్లారిస్తే అది మొత్తం మార్టెన్సైటుగా మారి 1,500 మెగాపాస్కళ్ళకు చేరుతుంది. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ కారు భద్రతా పరీక్షల్లో నక్షత్రాలు సంపాదించడానికి ఇలాంటి ఉక్కు అక్కరకొస్తుంది. అయితే ఆ స్తంభం పని జీవితంలో ఒక్కసారి పడే దెబ్బకు నలగకుండా నిలబడటం. చక్రం డిస్కు పని, చక్రాన్ని పట్టే కంట్రోల్ ఆర్మ్ పని, కోట్ల చిన్న ఊపులకు తలవంచి మళ్ళీ లేవడం. ఒకరు వరద నాడు కట్టను కాచేవాడు, ఒకరు ఏడాది పొడవునా తూము కాచేవాడు. మొదటివాడి పతకాన్ని రెండోవాడి మెడలో వేయడమే ప్రకటనలు చేస్తున్న పొరపాటు.

మూడో ఆక్షేపణ రోడ్డు వైపు నుంచి వస్తుంది: ముందు గుంతలు పూడ్చండి, తర్వాత ఉక్కు రేణువుల గురించి మాట్లాడండి. న్యాయమే అనిపిస్తుంది. గుంతలో పడ్డ పెద్ద కుదుపు, తారు మీది చిన్న అదురు కలగాపులగంగా వచ్చినప్పుడు ఏది ఎంత నష్టం చేసిందో ఎలా లెక్కించాలన్నది చాలాకాలం తేలలేదు. 1968లో జపాన్ ఇంజనీర్లు మత్సుయిషి, ఎండో ఒక ఉపాయం చెప్పారు. కుదుపుల గీతను నిలువుగా తిప్పి, గుడి కప్పుల అంతస్తుల మీంచి వాన నీరు జారినట్టు ఊహించి, ఏ ధార ఎక్కడ ఆగుతుందో చూసి ఊపులను విడదీశారు. పెంకుటింటి చూరు చూసినవాళ్ళెవరికైనా అర్థమయ్యే లెక్క. ఆ లెక్కలో తేలేది ఏమంటే, నష్టంలో పెద్ద వాటా కొద్దిపాటి పెద్ద ఊపులదే. గుంతలు పూడ్చడం వల్ల మేలుంది. కానీ పూడ్చినా మలుపులు పోవు. నంద్యాల, గిద్దలూరు నడుమ నల్లమల పులుల అడవి, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. కొండను తొలిచి రోడ్డును తిన్నగా చేసే చోటు కాదు, చేయకూడదు కూడా. ఇక బరువు. బేతంచెర్ల బండలు, సిమెంటు ఎక్కించుకుని ఘాట్ ఎక్కే లారీలకు అనుమతించిన బరువే పెరిగింది. 2018 జూలైలో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసుకు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెరిగింది ఎనిమిదో వంతు. వెల్డింగు లెక్కలో దాని ఆయుష్షు 100 నుంచి 70కి దిగింది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958–60 మధ్య చేసిన రోడ్డు పరీక్షల నుంచి వచ్చిన నాలుగో ఘాతపు నియమం ప్రకారం రోడ్డుకు నష్టం 1.6 రెట్లు. రోడ్డు చెడితే కుదుపు పెరుగుతుంది, కుదుపు పెరిగితే అతుకు ఆయుష్షు మళ్ళీ తగ్గుతుంది. రోడ్డును బాగుచేయమనేవాళ్ళూ ఉక్కును బాగుచేయమనేవాళ్ళూ ఇరుసు మీది బరువు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించడం నాకు వింతగా ఉంటుంది.

దిగువమెట్ట దాటాక రైలు చెలమ వైపు, రోడ్డు మలుపుల వైపు అడవిలో కలిసిపోతాయి. మీటర్ గేజి రోజుల్లో లోయ మీదుగా బండ్లు నడిచిన దొరబావి వంతెనను బ్రాడ్ గేజి వేసినప్పుడు వదిలేసి దారి మార్చారు. బండి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను మోత తప్ప ఇంకేమీ వినబడదు కానీ, చక్రాల్లో అంచును కాపాడే చిన్న చిన్న ఏర్పాట్లు పనిచేస్తుంటాయి. మంచి డిస్కులో రంధ్రం కొట్టాక దాని అంచును మళ్ళీ అచ్చుతో నొక్కుతారు. బర్ అణుగుతుంది, అంచు గుండ్రబడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడి లోహంలో నొక్కుడు నిలిచిపోతుంది. పగులు తెరుచుకోవాలంటే ముందు ఆ నొక్కుడును ఓడించాలి. కమాన్ కట్టలకైతే సన్నటి ఉక్కు గుళ్ళను వేగంగా కురిపించి ఆ పనే చేస్తారు. ఇవి ఖర్చు తక్కువ పనులు, ప్రకటనలో చెప్పుకోవడానికి పనికిరానివి. మరమ్మతులో ఇవే మొదట పోతాయి. బీట తీసిన డిస్కు మీద రోడ్డు పక్కన ఒక వెల్డు వరస పరిస్తే, నొక్కుడు ఉన్నచోట లాగుడు వచ్చి కూర్చుంటుంది. అతుకు మెరుస్తూ ఉంటుంది, కొత్త బీట దాని పక్కనే మొదలవుతుంది.

విరిగిన డిస్కు ముక్క ఏదైనా షెడ్డు మూల పడి ఉంటే తీసి చూడాలి. విరిగిన తలం రెండు రకాలుగా ఉంటుంది. ఒక భాగం నునుపుగా, తుప్పుతో నల్లబారి, రంధ్రం అంచున ఒక చుక్క నుంచి విస్తరిస్తూ పోయే విల్లు గీతలతో ఉంటుంది; వేసవిలో కంభం చెరువు నీరు వెనక్కి పోతూ ఒడ్డున గీతలు వదిలినట్టు. మిగిలిన భాగం గరుకుగా, గింజలు గింజలుగా మెరుస్తుంటుంది. మిగిలిన ఉక్కు బరువు మోయలేక చివరి క్షణంలో తెగిన చోటు అది. ఇనుము స్ఫటికమైపోయిందన్న 1842 నాటి నమ్మకం ఈ మెరుపును చూసి పుట్టిందే. చూడవలసింది పక్కనున్న నల్లటి భాగాన్ని. బండి ఇంకా నడుస్తుండగానే దాన్ని పట్టుకోవాలంటే డిస్కు కడిగి, రంధ్రాల అంచుల్లోనూ నట్ల చుట్టూనూ చూడాలి. రంగు మీద వెంట్రుకంత గీత, దాని వెంట కిందికి కారి ఎండిన ఎర్రటి తుప్పు చార. నీళ్ళు పగులులోకి పోయి తుప్పుతో కలిసి బయటికి రావడం వల్ల ఏర్పడే చార అది. గాజులపల్లె దిగి నంద్యాల చేరిన బస్సు మళ్ళీ ఘాట్ ఎక్కే ముందు, బకెట్టు నీళ్ళతో, పాత గుడ్డతో, టార్చిలైటుతో ఆ పని అయిదు నిమిషాల్లో అవుతుంది.